బీవర్ కట్టలు, మోర్గాన్ పటం



మా జంతుశాస్త్రం మాస్టారు క్షీరదాల పాఠాన్ని పులితో మొదలుపెట్టేవారు కాదు, పందికొక్కు పుర్రెతో మొదలుపెట్టేవారు. దాన్ని చేతులు మారుస్తూ ఆఖరి బెంచీ దాకా పంపి, ముందుపళ్ల రంగు చూడమనేవారు. నారింజ రంగులో ఉండేవి. సరిగ్గా కడగలేదేమో అనుకునేవాళ్లం. అది మురికి కాదనీ, పంటి పింగాణీలో చేరిన ఇనుమనీ, ఎలుక జాతి మొత్తానికి బతుకుతెరువు ఆ పళ్లేననీ అప్పుడు చెప్పేవారు. ఆయన పేరున జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు ఎలుక జాతి జంతువు గురించే మాట్లాడాలనుకున్నాను. ఆ పళ్లతోనే ఒక ఖండంలో నీళ్లు పారే తీరును మార్చేసిన బీవర్‌ను ఎంచుకున్నాను.

బీవర్ మన దేశంలో లేదు. మన కృష్ణా గోదావరుల్లో కనిపించే నీటికుక్కను బీవర్ అనుకునేవాళ్లు ఉన్నారు గానీ రెంటికీ సంబంధం లేదు. నీటికుక్క మాంసాహారి, చేపల మీద బతుకుతుంది. బీవర్ చేపను ముట్టదు. ఆకు, బెరడు, దుంప, అంతే దాని తిండి. ఇప్పుడు భూమ్మీద మిగిలినవి రెండే జాతులు, ఒకటి ఉత్తర అమెరికాది, ఒకటి యూరప్, ఆసియాలది. పక్కపక్కన పెడితే నిపుణులు కూడా తడబడేంత పోలిక. కానీ మొదటిదానికి 40 క్రోమోజోములు, రెండోదానికి 48. ఈ రెండు జాతులూ కలిసి బతికిన పిల్లల్ని కన్న దాఖలా లేదు. పెరిగిన బీవర్ 16 నుంచి 30 కిలోలు తూగుతుంది. ఎలుక జాతిలో దక్షిణ అమెరికా కాపిబారా తర్వాత ఇదే పెద్దది. సుమారు 10 వేల ఏళ్ల కిందటి దాకా ఉత్తర అమెరికాలో ఎలుగుబంటి అంతటి బీవర్ ఇంకొకటి ఉండేది. దాని ఎముకలు మాత్రం దొరుకుతున్నాయి.

దీని ఒళ్లు నీటి కోసం తయారైన ఒళ్లు. మునగగానే చెవులు, ముక్కు రంధ్రాలు మూసుకుంటాయి. కంటి మీదికి పారదర్శకమైన మూడో రెప్ప జారుతుంది. అవసరమైతే 15 నిమిషాలు ఊపిరి బిగబట్టగలదు, మామూలుగా అంతసేపు ఉండదు. వెనక కాళ్ల వేళ్ల మధ్య చర్మం సాగి ఉంటుంది. వెనక కాలి వేళ్లలో ఒకదానికి గోరు రెండుగా చీలి ఉంటుంది, బొచ్చు దువ్వుకోవడానికి. ఆ దువ్వుకోవడం ముస్తాబు అనుకోకండి. చదరపు సెంటీమీటరుకు 12 వేల నుంచి 23 వేల దాకా వెంట్రుకలుండే ఆ బొచ్చుకు తోక దగ్గరి గ్రంథుల నూనె పట్టించకపోతే చన్నీళ్లు చర్మానికి తగులుతాయి, శీతకాలంలో ప్రాణం మీదికి వస్తుంది. పెదవులు ముందుపళ్ల వెనక్కి వచ్చి మూసుకుంటాయి. అందుకే నీటి అడుగున కొమ్మ కొరుకుతున్నా నోట్లోకి నీళ్లు పోవు. నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఈ చిన్న ఏర్పాటే.

తోక గురించి ఒక కట్టుకథ బాగా వ్యాపించింది, బీవర్ తోకతో మట్టి మెత్తుతుందని. అలా చెయ్యదు. మట్టిని ముందుకాళ్లతో గుండెకూ గడ్డానికీ అదిమిపెట్టి మోసుకొస్తుంది. పొలుసులతో చదునుగా ఉండే ఆ తోక ఈదేటప్పుడు చుక్కాని, నిలబడినప్పుడు ఊత, శీతకాలానికి కొవ్వు దాచుకునే చోటు. ప్రమాదం పసిగడితే తోకతో నీటిని ఫెళ్లున కొట్టి మునుగుతుంది. ఆ చప్పుడు వినగానే కుటుంబమంతా నీటి అడుక్కి పోతుంది.

మిషిగన్‌లో ఒక సాయంత్రం బీవర్ చెట్టు కొట్టడం దగ్గరగా చూశాను. నీటి మీద ముక్కు, చెవులు, వాటి వెనక సాగే అల తప్ప మొదట ఏమీ కనబడలేదు. గట్టెక్కి చాలాసేపు గాలి వాసన చూసింది. తర్వాత మోచేతి లావు ఆస్పెన్ మొక్క దగ్గర వెనక కాళ్ల మీద లేచి, తోక ఆనించి, తల పక్కకు వాల్చింది. పై పళ్లు బెరడులో గుచ్చి కదలకుండా ఉంచింది. కోసేదంతా కింది దవడే. పైన ఒక గాటు, కింద ఒక గాటు, మధ్యలో చెక్క పేడు ఊడిపడుతుంది. కాసేపు కొరికి ఆగుతుంది, చెవులు రిక్కిస్తుంది, మళ్లీ కొరుకుతుంది. చెట్టు చిటపటలాడగానే వదిలేసి నీళ్లలోకి దూకింది. చెట్టు పడ్డ చప్పుడుకు తోడేలో ఎలుగో రావచ్చన్న భయం దాని ఒంట్లో ఉంది. చాలాసేపయ్యాక వచ్చి కొమ్మలు ఒక్కొక్కటే నరికి, గడ్డిలో పడిన బురద దారి వెంట ఈడ్చుకుపోయింది. పంటి కొరుకుడు చూస్తే పదును ఎక్కడిదో తెలుస్తుంది. పంటికి ముందువైపు ఇనుము చేరిన పింగాణీ, వెనకవైపు మెత్తని డెంటిన్. కొరికినకొద్దీ మెత్తనిది ముందు అరుగుతుంది, గట్టిది అంచుగా మిగులుతుంది. పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి.

చెట్టును కావలసిన వైపు పడేలా కొడుతుందని చాలామంది చెబుతారు. గట్టు మీది చెట్లు వెలుతురు కోసం ఎలాగూ నీటివైపే వాలి ఉంటాయి, అటే పడతాయి. తాను కొట్టిన చెట్టు కిందే పడి చచ్చిన బీవర్లూ ఉన్నాయి. దాని తెలివిని పెంచి చెప్పనక్కర్లేదు, ఉన్నదే చాలు. నీటికి 50, 60 మీటర్లు దాటి అది సాధారణంగా వెళ్లదు. గట్టు మీద దాని నడక బరువు, పరుగు తక్కువ. దూరంలో మంచి చెట్లుంటే వాటి దాకా కాలువ తవ్వుతుంది. కాలువలో నీళ్లు నిలవగానే కొమ్మల్ని తేలించి లాక్కొస్తుంది, ప్రమాదం వస్తే అందులోనే మునిగి ఇంటికి పోతుంది.

అసలు కట్ట ఎందుకు కడుతుంది? బీవర్ ఇల్లు కొమ్మలతో, మట్టితో కట్టిన గుట్ట. లోపల నీటిమట్టానికి పైన పొడిగా ఒక గది, పైకప్పులో గాలి ఆడేందుకు కొంచెం సందు. గదిలోకి వెళ్లే దారి మాత్రం నీటి అడుగునే ఉంటుంది. ఆ దారి ఎండాకాలంలో బయటపడకూడదు, చలికాలంలో గడ్డకట్టకూడదు. అంటే ఏడాది పొడుగునా ఒకే మట్టాన నీళ్లు నిలవాలి. పెద్ద నదుల్లో, లోతైన సరస్సుల్లో ఆ మట్టం దానంతట అదే ఉంటుంది కాబట్టి అక్కడి బీవర్లు కట్టలు కట్టవు, గట్టులో బొరియ తవ్వుకుని ఉంటాయి. చిన్న వాగుల్లోనే కట్ట అవసరం. భూగర్భజలం పెంచుదామని, బాతులకు చోటిద్దామని అది కట్టదు. తన వాకిలి నీటి కింద ఉండాలని కడుతుంది. మిగతాదంతా ఆ ఒక్క అవసరం నుంచి పుట్టిందే.

కట్ట మీద నిలబడి చూస్తే పనితనం అర్థమవుతుంది. దిగువన చూస్తే అడ్డదిడ్డంగా పేర్చిన కర్రలు, బెరడు ఒలిచేసి తెల్లగా, చివర్ల పంటి గాట్లతో. ఎగువన బురద, రాళ్లు, ఆకులు, గడ్డివేళ్లు దట్టించి నున్నగా ఉంటుంది. మనం కట్టే చెరువుకు తూము ఒకచోట, అలుగు ఒకచోట ఉంటాయి. బీవర్ కట్టకు అలాంటి ఒక్క చోటంటూ ఉండదు. పొడుగునా కర్రల సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, వరదొస్తే పైనుంచి పారతాయి. ఒకే వాగు మీద పై నుంచి కిందికి వరసగా కట్టలు పడినప్పుడు కాకతీయుల కాలం నుంచి మనకు తెలిసిన గొలుసుకట్టు చెరువుల తీరు కనిపిస్తుంది. పైదాని మిగులు కిందిదానికి చేరుతుంది, ఏ ఒక్కదానిమీదా వాగు భారమంతా పడదు. ఇప్పటివరకు తెలిసినవాటిలో పెద్ద కట్ట కెనడాలోని వుడ్ బఫెలో జాతీయ వనంలో ఉంది. జాన్ థీ అనే పరిశోధకుడు 2007లో ఉపగ్రహ చిత్రాల్లో దాన్ని గుర్తించాడు. పొడుగు ముప్పావు కిలోమీటరుకు పైనే. అది ఒక్క తరం పని అయ్యుండదు.

ఈ కట్టల్ని మొదటిసారి కొలబద్దతో కొలిచి పటం గీసిన మనిషి జంతుశాస్త్రజ్ఞుడు కాకపోవడం నాకు చాలా ఇష్టమైన విషయం. లూయిస్ హెన్రీ మోర్గాన్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో న్యాయవాది. మిషిగన్ ఉత్తర భాగంలో మార్కెట్ అనే ఊరి దగ్గర ఇనుప గనులకు రైలుమార్గం వేసే కంపెనీలో భాగస్వామిగా 1855లో అక్కడికి వెళ్లాడు. చేపలు పట్టుకుందామని అడవిలో తిరిగితే ఎక్కడ చూసినా బీవర్ కట్టలే. అక్కడితో ఆగక ఏటేటా వెళ్లి, ఆ జంతువుల్ని ఎరిగిన ఓజిబ్వే తెగ వేటగాళ్లను, రైలు కంపెనీ ఇంజనీర్లను వెంటబెట్టుకుని కట్టల పొడుగు, ఎత్తు, కాలువల లోతు కొలిచాడు. 1868లో ‘ది అమెరికన్ బీవర్ అండ్ హిజ్ వర్క్స్’ పుస్తకం వెలువడింది. దానికి జతచేసిన పటంలో ఆరు మైళ్ల వెడల్పు, ఎనిమిది మైళ్ల పొడవు ఉన్న ప్రాంతంలో ప్రతి కట్టా, ప్రతి మడుగూ గుర్తించి ఉన్నాయి.

మనవాళ్లకు మోర్గాన్ ఇంకో రకంగా చుట్టం. ప్రపంచంలో ఎవరెవరు బంధువుల్ని ఏమేమని పిలుస్తారో సేకరించి 1871లో ఆయన వేసిన మహాగ్రంథంలో తమిళ, కన్నడ వరసలతో పాటు తెలుగు వరసలూ ఉన్నాయి. మేనమామను, పెదనాన్నను వేర్వేరుగా లెక్కించే మన పద్ధతిని అమెరికా సెనెకా జాతివాళ్ల పద్ధతితో పక్కపక్కన పెట్టి చూసింది ఈయనే. మానవశాస్త్ర విద్యార్థులకు ఆయన అలాగే తెలుసు. బీవర్ పుస్తకం సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ పుస్తకంలో మోర్గాన్ ఒక వాదం గట్టిగా చేశాడు. బీవర్ ఆలోచించి కడుతుందనీ, దాన్ని పుట్టుగుణం అని కొట్టిపారెయ్యడం మనిషి గర్వమనీ ఆయన అభిప్రాయం. 1871లో డార్విన్ ఈ పుస్తకాన్ని ప్రస్తావిస్తూ, మోర్గాన్ పుట్టుగుణానికి ఉన్న బలాన్ని మరీ తక్కువ చేశాడని రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత స్వీడన్‌లో లార్స్ విల్సన్ ఈ గొడవను ప్రయోగానికి పెట్టాడు. తల్లిదండ్రుల్ని, కట్టనూ ఎరగని బీవర్ కూనల్ని పెంచి, పారే నీటి దగ్గర వదిలితే మొదటిసారే కట్ట కట్టాయి, బాగానే కట్టాయి. పారే నీటి చప్పుడు రికార్డు చేసి లౌడ్‌స్పీకర్‌లో వినిపిస్తే, నీళ్లే లేని చోట ఆ స్పీకర్ మీద కొమ్మలు, మట్టి పోశాయి. అంటే బీవర్‌ను పనికి పురికొల్పేది చాలావరకు ఆ చప్పుడే. గండి పడితే నీరు చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు ఆగేదాకా అది బురద, కొమ్మలు తెచ్చి వేస్తుంది.

ఇక్కడితో డార్విన్ గెలిచాడని నేను అనను. అడివిలో పెరిగిన బీవర్ ఏ రాత్రి ఏ గండి ముందు పూడ్చాలో, రాయి ఎక్కడ కావాలో, కొమ్మ ఏ వాలున గుచ్చాలో ఏళ్లతరబడి మెరుగుపరుచుకుంటుంది. చప్పుడు లేకుండా గొట్టంలోంచి నీళ్లు పోతున్నా మట్టం తగ్గడం గమనించి, వెతికి మూసినవీ ఉన్నాయి. పుట్టుకతో వచ్చినది పని మొదలుపెట్టిస్తుంది, అనుభవం దాన్ని తీర్చిదిద్దుతుంది. మోర్గాన్ వాదంలో సగం నిలబడిందని నా నమ్మకం.

అనుభవం నేర్చే అవకాశం ఆ జంతువుకు కుటుంబంలో దొరుకుతుంది. బీవర్లు జంటగా ఉంటాయి, ఆ జంట సాధారణంగా ఒకటి పోయేదాకా విడిపోదు. ఆడా మగా పైకి తేడా తెలియదు, పెద్దచిన్నా తేడా కూడా ఉండదు. జనవరి, ఫిబ్రవరిలో కలుస్తాయి, సుమారు 105 రోజుల గర్భకాలం తర్వాత మూడు నాలుగు పిల్లలు కళ్లు తెరిచే పుడతాయి. ఎలుక జాతికి ఇంత తక్కువ కాన్పు, ఇంత ఎక్కువ పెంపకం అరుదు. పిల్లలు రెండేళ్లు తల్లిదండ్రుల దగ్గరే ఉంటాయి. అందుకే ఒకే ఇంట్లో ఆ ఏడాది కూనలు, కిందటేడాది అక్కలు అన్నలు, పెద్దజంట అందరూ కలిసి బతుకుతారు. రెండేళ్లు నిండిన వసంతంలో పెద్దపిల్లలు ఇల్లు వదిలి కొత్త వాగు వెతుక్కుంటూ పోతాయి. ఆ ప్రయాణంలోనే ఎక్కువ చచ్చిపోతాయి. దొరికిన చోట మట్టి కుప్ప పోసి, దాని మీద తమ గ్రంథుల ద్రవం విడిచి, ఈ నీళ్లు మావని మిగతావాటికి చెబుతాయి. ఆ ద్రవాన్ని ఎండబెట్టినదే కాస్టోరియం. యూరప్‌లో అత్తర్లకూ మందులకూ వాడారు. హైదరాబాదు యునానీ వైద్యులకు జుంద్ బేదస్తర్ పేరుతో తెలిసిన ద్రవ్యం కూడా ఇదే.

బీవర్ కలప తినదు గానీ బెరడు లోపలి పచ్చిపొర తింటుంది. దానిలో సెల్యులోజ్ ఎక్కువ. పెద్దదైన అంధనాళంలోని సూక్ష్మజీవులు దాన్ని కొంత అరిగిస్తాయి, అక్కడి నుంచి వచ్చే మెత్తని మలాన్ని కుందేలు లాగే మళ్లీ తిని మిగిలిన సారం తీసుకుంటుంది. వేసవిలో ఆకులు, కలువదుంపలు ఉంటాయి. శీతకాలం కోసం ఆకురాలు కాలంలోనే ఇంటి ముందు మడుగు అడుగున కొమ్మలు గుచ్చి గుట్టగా పేరుస్తుంది. పైన మంచు గడ్డకడితే ఇంటి లోపలి నుంచి నీళ్లలోకి దిగి, కొమ్మ తెచ్చుకుని, బెరడు తిని, కర్ర బయటికి నెడుతుంది. బీవర్ శీతకాలమంతా నిద్రపోదు. మంచు కింద పగలూ రాత్రీ తేడా అందని ఆ నెలల్లో దాని ‘రోజు’ 24 గంటలు దాటి 26 గంటలకు పైగా సాగుతుందని 1970లలో కెనడాలో గమనించారు. సూర్యుడు గుర్తుచెయ్యకపోతే ఒంట్లో గడియారం తన లెక్కన తాను తిరుగుతుంది.

ఈ జంతువును చంపింది టోపీ. దాని లోపలి బొచ్చులో ప్రతి వెంట్రుకకు కంటికి కనబడని ముళ్లుంటాయి, ఒత్తితే ఒకదానికొకటి పట్టుకుని గట్టి ఫెల్టు అవుతుంది. యూరప్‌లో మగవాళ్ల టోపీలకు దాన్ని మించింది లేదన్నారు. యూరప్ బీవర్లు అయిపోయాక అమెరికా వైపు తిరిగారు. 1670లో ఇంగ్లండు రాజు సనదు ఇచ్చిన హడ్సన్స్ బే కంపెనీ ముఖ్యంగా ఈ తోలు కోసమే పుట్టింది. తెల్లవాళ్లు రాకముందు ఉత్తర అమెరికాలో కనీసం ఆరు కోట్ల బీవర్లు ఉండేవని అంచనా, 40 కోట్ల దాకా చెప్పినవాళ్లూ ఉన్నారు. 1900 నాటికి లక్ష మిగిలాయంటారు. యూరప్, ఆసియాల్లో కలిపి 1,200.

చచ్చిన జంతువుల లెక్క కన్నా ఆ తర్వాత వాగులకు జరిగినది పెద్ద నష్టమని నా అభిప్రాయం. కట్ట కట్టేవాళ్లు పోయాక మరమ్మతు లేక కట్టలు తెగాయి. వేల ఏళ్లుగా మడుగుల్లో పేరుకున్న ఒండ్రును తెగిన నీళ్లు కోసుకుంటూ లోతుకు దిగాయి. వాగు అడుగుకు పోగానే చుట్టుపక్కల భూమిలో ఊట కూడా కిందికి దిగింది. గడ్డి మైదానాలు ఎండాయి. వలసవచ్చినవాళ్లు ఆ ఎండిన నేలనూ, గట్లు కోసుకుపోయిన ఆ ఒంటికాలువ వాగునూ చూసి, ఇది ఇంతే, ఎప్పుడూ ఇలాగే ఉంది అనుకున్నారు. ఇప్పటికీ మనం చూసే చాలా అమెరికా వాగుల చిత్రాలు బీవర్ పోయాక మిగిలిన వాగుల చిత్రాలే.

20వ శతాబ్దంలో బీవర్లను తిరిగి తెచ్చారు. స్వీడన్ 1922లో నార్వే నుంచి తెచ్చుకుంది. అమెరికాలో ఐడహో రాష్ట్రం 1948లో 76 బీవర్లను చెక్కపెట్టెల్లో పెట్టి, యుద్ధం మిగిల్చిన పారాచూట్లతో కొండల్లోకి విమానం నుంచి దింపింది. ఒకటి తప్ప అన్నీ బతికాయి. ఇప్పుడు ఉత్తర అమెరికాలో కోటికి పైగా, యూరప్ ఖండంలో పది లక్షలకు పైగా ఉన్నాయని అంచనా. బ్రిటన్‌లో నాలుగు వందల ఏళ్లుగా లేని జంతువు 2009లో స్కాట్లండ్‌లోని నాప్‌డేల్‌లో మళ్లీ నీళ్లలో దిగింది.

తిరిగొచ్చిన చోట వాగు మారడం కళ్లారా చూడవచ్చు. నీటి వేగం తగ్గి ఒండ్రు దిగుతుంది, అడుగు పైకి లేస్తుంది, నీరు పక్కలకు పరుచుకుని భూమిలోకి ఇంకుతుంది. వరద ఒక్కసారిగా కిందికి రాదు. కట్టలు సాల్మన్ చేపలకు అడ్డమని ఒకప్పుడు మత్స్యశాఖల వాళ్లే డైనమైట్ పెట్టి పేల్చేవారు. ఒరెగన్‌లోని బ్రిడ్జ్ క్రీక్‌లో అందుకు భిన్నమైన ఫలితం వచ్చింది. అక్కడ మనుషులు వాగులో గుంజలు పాతి బీవర్లకు ఆసరా కల్పించారు. కట్టలు పెరిగాయి, వాటితో పాటు స్టీల్‌హెడ్ చేపపిల్లలూ పెరిగాయి. 2020లో ఎమిలీ ఫెయిర్‌ఫాక్స్, ఆండ్రూ విటిల్ అమెరికా పడమటి రాష్ట్రాల్లోని ఐదు పెద్ద కార్చిచ్చులను ఉపగ్రహ చిత్రాల్లో పరిశీలించారు. బీవర్ కట్టలున్న వాగుల వెంట పచ్చదనం నిలిచింది. కట్టలు లేని చోట దెబ్బ దాదాపు మూడు రెట్లు. తడిసిన నేల అంటుకోదు, కారణం అంతే.

ఇక్కడ ఆపితే మీకు సగం నిజమే చెప్పినవాణ్ణి అవుతాను. 1946లో అర్జెంటీనా ప్రభుత్వం తోళ్ల వ్యాపారం పెంచుదామని కెనడా నుంచి 20 బీవర్లను తెప్పించి దక్షిణపు కొసన తియెర్రా దెల్ ఫ్యూగో దీవిలో వదిలింది. తోళ్ల వ్యాపారం సాగలేదు. బీవర్లు లక్ష దాటాయని అంచనా, సముద్రపు జలసంధి ఈది చిలీ ప్రధాన భూభాగానికి కూడా చేరాయి. అక్కడ తోడేలు లేదు, ఎలుగు లేదు. అంతకన్నా ముఖ్యమైనది చెట్టు. ఉత్తర అమెరికా విల్లో, ఆస్పెన్ కొట్టిన మొదలు నుంచో వేరు నుంచో మళ్లీ చిగురిస్తాయి, బీవర్‌తో కలిసి లక్షల ఏళ్లు బతికిన చెట్లవి. దక్షిణాన ఉండే లెంగా లాంటి చెట్లకు ఆ అలవాటు లేదు. కొట్టినా, వేళ్లు నీళ్లలో మునిగినా చస్తాయి. వాగుల వెంట కిలోమీటర్ల కొద్దీ తెల్లబడ్డ మోడులు నిలబడి ఉన్నాయి. ఆ బీవర్లను పూర్తిగా తొలగించాలని రెండు దేశాలూ 2008లో ఒప్పందం చేసుకున్నాయి. పని ఇంకా పూర్తికాలేదు.

జంతువు అదే, పళ్లు అవే, నీటి చప్పుడు వింటే చేసే పనీ అదే. ఒరెగన్‌లో వాగు బతికింది, తియెర్రా దెల్ ఫ్యూగోలో అడవి చచ్చింది. మంచీ చెడూ బీవర్‌లో లేవు. బీవర్‌కూ విల్లోకూ, చేపకూ తోడేలుకూ మధ్య కాలం కట్టిన పొత్తులో ఉన్నాయి. సర్కారు తుమ్మ మన బీళ్లలో, గుర్రపుడెక్క మన చెరువుల్లో ఏం చేశాయో తెలిసిన మనకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రకృతిని కాపాడుతుందని పేరుమోసిన జీవినైనా సరే, దాని చోటు నుంచి పెరికి ఇంకోచోట వదిలే హక్కు ఎవరికీ లేదని నేను నమ్ముతాను.

సొంత చోటులోనూ చిక్కులున్నాయి. స్కాట్లండ్ రైతుల పొలాల్లోకి నీళ్లొచ్చాయి, వాళ్ల బాధ నిజమైనదే. జర్మనీలోని బవేరియా 1966లో బీవర్లను తెచ్చుకుంది, ఇప్పుడు 20 వేలకు పైగా ఉన్నాయి. అక్కడ రైతు ఫోన్ చేస్తే వచ్చి చూసే సలహాదారులున్నారు, పంటనష్టానికి పరిహారముంది. కట్ట పగలగొడితే మర్నాటికల్లా మళ్లీ కడుతుంది కాబట్టి వాళ్లు పగలగొట్టరు. కట్ట లోపలి నుంచి గొట్టం వేసి, దాని నోరు మడుగు మధ్యలో నీటి అడుగున పంజరంలో పెడతారు. నీరు చప్పుడు చెయ్యకుండా పోతుంది, మట్టం రైతుకు సరిపడేంత దిగుతుంది, బీవర్ వాకిలి మునిగే ఉంటుంది. ఆ జంతువు దేన్ని వింటుందో తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు అది. అలాస్కా టండ్రాలో ఇప్పుడు కొత్త ప్రశ్నలు లేస్తున్నాయి. పడమటి అలాస్కాలో 11 వేలకు పైగా బీవర్ మడుగుల్ని ఉపగ్రహ చిత్రాల్లో లెక్కించారు. రెండు దశాబ్దాల్లో రెట్టింపయ్యాయి, వాటి కింద గడ్డకట్టిన నేల కరుగుతోంది. దాని ఫలితం తేలడానికి కాలం పడుతుంది.

మోర్గాన్ పటం దగ్గరికి మళ్లీ రావాలి. కారల్ జాన్‌స్టన్ అనే శాస్త్రవేత్త ఆ 1868 పటాన్ని 2014 నాటి ఆకాశ చిత్రాలతో పోల్చింది. మోర్గాన్ గుర్తించిన 64 కట్టలు, మడుగుల్లో 46 ఇప్పటికీ గుర్తుపట్టే స్థితిలో ఉన్నాయి. మధ్యలో రైలు వచ్చింది, గనులు వచ్చాయి, అడవి నరికారు, బీవర్లు దాదాపు అంతరించి మళ్లీ వచ్చాయి. అయినా నూటికి 72 నిలిచాయి. బీవర్ పని ఎంత కాలం నిలుస్తుందో ప్రపంచానికి అలా తెలిసింది. అది తెలియడానికి కారణం ఒక న్యాయవాది చేపలు పట్టడం ఆపి, కొలిచి, తేదీ వేసి, గీసి, అచ్చు వేయించడమే.

ఈ జంతుశాస్త్ర శాఖ విద్యార్థులకు నేను చేసే మనవి ఇదొక్కటే. ఖండాంతరాల జంతువును చదవండి, తప్పు లేదు. దానితో పాటు మీ ఊరి వాగు ఒకటి ఎంచుకోండి. అందులో నీటికుక్కల అడుగులు ఎక్కడున్నాయో, గట్టులో పందికొక్కుల బొరియలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో, చెరువు ఎప్పుడు అలుగు పోసిందో, గుర్రపుడెక్క ఎంత మేర పాకిందో కొలిచి, తేదీ వేసి, పటం గీయండి. ఏటేటా అదే చోట మళ్లీ కొలవండి. చిన్నదైనా ఫర్వాలేదు, తప్పులున్నా తర్వాతివాళ్లు దిద్దుతారు. ఆ పటాలు దాచడానికి మాస్టారి పేరున ఈ శాఖలో ఒక బీరువా కేటాయించమని అధ్యక్షుల వారిని ఈ సభాముఖంగా కోరుతున్నాను. మొదటి పటం వచ్చే ఏటి ఉపన్యాసం నాటికి అందులో చేరాలి.